పాత డ్రైవ్, కొత్త కంప్యూటర్: 3వ పాఠం – ముప్ఫై నాలుగు తీగలు

గత పాఠంలో బీబీసీ మైక్రో డిస్క్ డ్రైవ్ పెట్టె విప్పి, హెడ్ తుడిచి, పట్టాల మీద గట్టిపడిన గ్రీజు తీసేసి, చుక్క సన్న నూనె వేశాం. ఇవాళ ఆ డ్రైవ్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి, పోయినా పర్వాలేదనుకునే ఫ్లాపీ ఒకటి చదివించాలి. మీకు నిజంగా కావలసిన ఫ్లాపీలు ఈ పాఠం పూర్తయ్యేదాకా డబ్బాలోంచి కదలకూడదు. డ్రైవ్ పాడైతే ఇంకోటి వెతుక్కోవచ్చు. ఫ్లాపీ మీద ఉన్నది చెరిగిపోతే మళ్లీ ఎక్కడా దొరకదు. కింద చెప్పిన జాగ్రత్తలన్నీ అందుకే.

బీబీసీ మైక్రో 1981లో కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ తెచ్చిన యంత్రం. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పథకం మొదలుపెట్టాక మన దేశంలో బడులకి వెళ్లింది ఇదే. వాటితో వచ్చిన ఐదుంపావు అంగుళాల ఫ్లాపీలు కొన్ని ఇళ్లలో, బడి స్టోరు గదుల్లో ఇంకా ఉన్నాయి. కంప్యూటర్ కన్నా దాని డ్రైవే ఎక్కువ కాలం నిలుస్తుంది. కంప్యూటర్ పవర్ సప్లైలోని కెపాసిటర్లు పగిలి పొగ వచ్చిన చోట కూడా డ్రైవ్ మాత్రం చక్కగా తిరుగుతుంటుంది.

డ్రైవ్‌కి భాష తెలియదు

ఫ్లాపీ డ్రైవ్‌కి ఫైలంటే తెలియదు, సెక్టార్ (ట్రాక్ అనే గుండ్రటి రాత వలయంలో ఒక ముక్క) అంటే తెలియదు. తనని ఎంచుకుంటే మేలుకుంటుంది. మోటారు తిప్పమంటే తిప్పుతుంది. హెడ్‌ని ఒక అడుగు లోపలికో బయటికో జరుపుతుంది. అయస్కాంత పూత మీద దిశ మారిన ప్రతిసారీ ఒక పల్స్ పంపుతుంది. ఆ పల్సుల్లోంచి అక్షరాలు తీసే పని కంట్రోలర్‌ది. కాబట్టి కంట్రోలర్ మారిస్తే డ్రైవ్ వేరే యంత్రానికి పనికొస్తుంది. పైగా 1976లో షుగార్ట్ అసోసియేట్స్ తెచ్చిన ఎస్‌ఏ400 డ్రైవ్ నాటి తీగల అమరికనే తర్వాత వచ్చినవాళ్లంతా కొద్ది మార్పులతో వాడుకున్నారు. బీబీసీ డ్రైవ్ దాన్ని దాదాపు ఉన్నదున్నట్టు పాటిస్తుంది.

మరి పాత పీసీ మదర్‌బోర్డుకే కలపొచ్చు కదా? కలపొచ్చు, కానీ మొదటి తరం బీబీసీ ఫ్లాపీల రాత 'ఎఫ్‌ఎం' అనే సింగిల్ డెన్సిటీ పద్ధతిలో ఉంటుంది. పీసీ కంట్రోలర్లలో చాలావాటికి అది రాదు. తీగలన్నీ సరిగ్గా ఉన్నా స్క్రీన్ మీద తప్పే కనిపిస్తుంది. ఇవాళ్టి మదర్‌బోర్డుల మీద ఆ 34 పిన్నుల సాకెట్టే లేదు. బజార్లో దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లు మూడున్నర అంగుళాలవి, పీసీ ఫార్మాట్లు తప్ప ఇంకేమీ చదవవు. అందుకే మనం గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు వాడుతున్నాం. కీర్ ఫ్రేజర్ రూపొందించినది. డ్రైవ్ పంపే పల్సుల మధ్య వ్యవధిని కొలిచి, ఆ కొలతల్ని యూఎస్‌బీ మీద కంప్యూటర్‌కి పంపుతుంది. అర్థం చెప్పుకోవడం తర్వాత, సాఫ్ట్‌వేర్‌లో, తీరిగ్గా. ఇందులో నాలుగో వెర్షన్ కొనండి. దాని అవుట్‌పుట్లకి బఫర్లు ఉన్నాయి, పాత డ్రైవ్‌ల బరువు మోయగలదు. ఎందుకు మోయాలో టెర్మినేటర్ దగ్గర చెబుతాం.

ఈ పాఠానికి మా పట్టుదల ఒకటుంది. డ్రైవ్ బోర్డు మీద ఏ గీతా కొయ్యొద్దు, ఏదీ సోల్డర్ చెయ్యొద్దు. మార్పులన్నీ కేబుల్లోనూ జంపర్లలోనూ (బోర్డు మీద రెండు పిన్నుల్ని కలిపే చిన్న తొడుగులు) జరగాలి. కేబుల్ చెడితే పది నిమిషాల్లో ఇంకోటి చేసుకోవచ్చు.

సరంజామా

గ్రీజ్‌వీజిల్ బోర్డు, దానికి సరిపడే యూఎస్‌బీ తీగ. పాత పీసీ ఫ్లాపీ కేబుల్ ఒకటి. అందులో కార్డ్-ఎడ్జ్ కనెక్టర్ ఉండాలి, అంటే డ్రైవ్ బోర్డు అంచునే పట్టుకునే పొడవాటి చీలిక లాంటిది. మూడున్నర అంగుళాల డ్రైవ్‌లతో వచ్చిన కేబుళ్లలో ఇది ఉండదు. మన విశాఖపట్నం ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లో కొత్తది అడిగితే లేదనే అంటారు. పాత పీసీలు విప్పి అమ్మే తుక్కు కొట్లో అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. 12 వోల్టులు, 5 వోల్టులు రెండూ ఇచ్చే, నాలుగు పిన్నుల మోలెక్స్ ప్లగ్ ఉన్న అడాప్టర్ ఒకటి. పాత హార్డ్ డిస్కుని యూఎస్‌బీకి కలిపే కిట్లతో ఇది వస్తుంది. రెండు వోల్టేజీల మీదా 2 ఆంపియర్లు రాసి ఉంటే చాలు. మల్టీమీటర్, ఎల్‌ఈడీ ఒకటి, 330 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, కత్తిరించి పారేసిన రెసిస్టర్ కాళ్లు నాలుగు. ఒక వృథా ఫ్లాపీ.

ఏ పిన్ను ఏ పని చేస్తుంది

బేసి సంఖ్య పిన్నులన్నీ గ్రౌండే. సిగ్నళ్లు సరి సంఖ్యల మీదే ఉంటాయి. డ్రైవ్‌లో నంబర్లు సున్నాతో మొదలైతే 10వ పిన్ను డ్రైవ్ 0 ఎంపిక, 12 డ్రైవ్ 1, 14 డ్రైవ్ 2, 6 డ్రైవ్ 3. మోటారుకి 16. హెడ్ ఏ దిశలో కదలాలో 18, ఒక అడుగు వెయ్యమనడానికి 20. రాయాల్సిన డేటా 22, 'ఇప్పుడు రాయి' అనే రైట్ గేట్ 24. ఇవన్నీ కంట్రోలర్ నుంచి డ్రైవ్‌కి వెళ్లేవి. ఫ్లాపీ కింది వైపా పై వైపా చెప్పే 32 కూడా వీటిలోదే. డ్రైవ్ నుంచి తిరిగొచ్చేవి: ఒక చుట్టు పూర్తయిందని చెప్పే ఇండెక్స్ 8, హెడ్ మొదటి ట్రాక్ మీదుందని చెప్పే 26, రాత రక్షణ 28, చదివిన డేటా 30. 34వ పిన్ను షుగార్ట్ పద్ధతిలో 'రెడీ', పీసీ పద్ధతిలో 'డిస్క్ మారింది'. మన పనికి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 2, 4 కూడా అంతే.

గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి. ఈ తీగలన్నీ మామూలుగా 5 వోల్టుల దగ్గర ఉంటాయి. గ్రౌండ్‌కి లాగినప్పుడే 'అవును' అని అర్థం. ఇది మనసుకి పట్టిందంటే కంప్యూటర్ లేకుండానే, ఒక చిన్న తీగ ముక్కతో డ్రైవ్‌ని నడిపించొచ్చు. కాసేపట్లో అదే చేస్తాం.

పీసీ కేబుల్లో ఒక చోట ఏడు తీగలు మెలిక తిరిగి ఉండటం చూస్తారు. 10 నుంచి 16 దాకా ఉన్న తీగలవి. ఐబీఎం పీసీలో రెండు డ్రైవ్‌లకీ ఒకే నంబర్ జంపర్ పెట్టి, తేడా అంతా ఈ మెలికతో తెచ్చారు. 10ని మొదటి డ్రైవ్ మోటారుకి, 16ని రెండో డ్రైవ్ మోటారుకి ఇచ్చేశారు. షుగార్ట్ పద్ధతిలో మోటారు తీగ అన్ని డ్రైవ్‌లకీ ఒక్కటే. రెండింటికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. మనకి మెలిక అక్కర్లేదు. కాబట్టి మధ్యలో, మెలికకి ముందున్న కార్డ్-ఎడ్జ్ కనెక్టర్ ఉంచుకుని, అక్కణ్ణుంచి ఒక సెంటీమీటర్ వదిలి మెలికతో సహా మిగతా తోకంతా కత్తిరించేయండి. కోసిన అంచు దగ్గర తీగలు ఒకదానికొకటి తగలకుండా చూడండి. బీబీసీ పెట్టెతో వచ్చిన అసలు కేబుల్ కూడా పనిచేస్తుంది. దాని రెండో చివర ఉన్న సాకెట్ గ్రీజ్‌వీజిల్‌కి సరిపోతుంది. కానీ దాన్ని అలాగే దాచుకోమంటాం, ఎందుకంటే ఇప్పుడు చేసే పని ఒక కేబుల్‌ని శాశ్వతంగా మార్చేస్తుంది.

ఎర్ర చార ఉన్న తీగ 1. అక్కణ్ణుంచి లెక్కపెట్టి 24వ తీగ పట్టుకోండి. కళ్లతో లెక్కపెట్టింది నమ్మొద్దు. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, సాకెట్‌లో 24వ రంధ్రానికీ కార్డ్-ఎడ్జ్‌లో 24వ కొసకీ బీప్ వస్తోందా చూడండి. తర్వాత ఆ తీగని పక్క తీగల నుంచి బ్లేడుతో రెండు సెంటీమీటర్ల మేర విడదీసి తెంపండి. మళ్లీ మీటర్ పెట్టండి, ఈసారి బీప్ రాకూడదు. 22, 26 తీగలకి బీప్ రావాలి. రైట్ గేట్ తెగిపోయింది కాబట్టి ఈ కేబుల్ మీద ఏ సాఫ్ట్‌వేరూ ఫ్లాపీ మీద రాయలేదు. దీని మీద మార్కర్‌తో 'చదవడానికి మాత్రమే' అని రాసి పెట్టండి.

జంపర్లు, టెర్మినేటర్

డ్రైవ్ స్టిక్కర్ మీద మోడల్ చూడండి. బీబీసీ పెట్టెల్లో టియాక్ ఎఫ్‌డీ-55 శ్రేణి తరచుగా కనిపిస్తుంది. దాని చివరి అక్షరం ముఖ్యం. ఏ, బీ అంటే 40 ట్రాకులు. ఈ, ఎఫ్ అంటే 80. ఏ, ఈ ఒక వైపే చదువుతాయి. బీ, ఎఫ్ రెండు వైపులా చదువుతాయి. జీ అంటే 1.2 మెగాబైట్ల పీసీ డ్రైవ్, ఇందులో ఉండాల్సింది కాదు, ఎవరో మార్చారన్న మాట.

బోర్డు అంచు దగ్గర డీఎస్0, డీఎస్1, డీఎస్2, డీఎస్3 అని నాలుగు జతల పిన్నులు, ఒకదాని మీద చిన్న జంపర్ ఉంటాయి. దాన్ని డీఎస్0 మీద పెట్టండి. కొన్ని కంపెనీల డ్రైవ్‌లలో నంబర్లు 1 నుంచి 4 దాకా ఉంటాయి. అక్కడ డీఎస్1 అంటేనే 10వ పిన్ను. ఈ ఒక్క తికమకతో పూటంతా పోతుంది. అనుమానమొస్తే కరెంటు లేకుండా, జంపర్ ఒక కాలు నుంచి కార్డ్-ఎడ్జ్ 10వ కొసకి బీప్ వస్తోందా చూడండి. 'ఎంఎక్స్' అనే జంపర్ ఉంటే తీసేయండి. అది ఉంటే కొన్ని డ్రైవ్‌లు ఎవరూ పిలవకుండానే ఎప్పుడూ ఎంపికై ఉంటాయి.

టెర్మినేటర్ అంటే సిగ్నల్ తీగల్ని 5 వోల్టులకి లాగి ఉంచే రెసిస్టర్ల పట్టీ. సాధారణంగా సాకెట్‌లో ఉంటుంది, ఒక్కో తీగకి 150 ఓమ్‌లు. కేబుల్ చివరి డ్రైవ్‌లో ఇది ఉండాలి, మధ్య డ్రైవ్‌లో ఉండకూడదు. జంట డ్రైవ్‌ల పెట్టె అయితే ఒకదానిలోనే కనిపిస్తుంది. అది లేని డ్రైవ్‌ని ఒంటరిగా వాడబోతే పట్టీని ఇందులోకి మార్చండి. ఎందుకింత పట్టింపంటే, మనం 24వ తీగ తెంపాం. పట్టీ ఉంటే ఆ పిన్ను 5 వోల్టుల దగ్గర గట్టిగా నిలబడి 'రాయొద్దు' అంటుంది. పట్టీ లేకపోతే అది గాలిలో వేలాడుతుంది, పక్క తీగల అలికిడికి ఊగుతుంది. కరెంటు లేనప్పుడు మోలెక్స్ 5 వోల్టుల పిన్నుకీ కార్డ్-ఎడ్జ్ 24కీ మధ్య ఓమ్‌లు కొలిస్తే 150కి దగ్గరగా రావాలి. కొత్త డ్రైవ్‌లలో వెయ్యి దాకా ఉండొచ్చు, అదీ ఫర్వాలేదు.

150 ఓమ్‌లున్న తీగని గ్రౌండ్‌కి లాగాలంటే 33 మిల్లీఆంపియర్లు మింగాలి. చవకగా దొరికే మైక్రోకంట్రోలర్ పిన్ను నేరుగా అంత మింగలేదు. బఫర్లున్న బోర్డు కొనమన్నది ఇందుకే.

కరెంటు

బీబీసీ డ్రైవ్‌లలో చాలావాటికి సొంత పవర్ సప్లై లేదు. కంప్యూటర్ అడుగున ఉన్న సాకెట్ నుంచి 5, 12 వోల్టులు తీసుకునేవి. ఆ ఆరు పిన్నుల ప్లగ్ కొయ్యకండి. పెట్టె లోపల, డ్రైవ్ వెనక ఉన్న నాలుగు పిన్నుల మోలెక్స్ ఊడదీసి, దాని చోట మన అడాప్టర్ మోలెక్స్ పెట్టండి. అంతే. పెట్టడానికి ముందు అడాప్టర్‌ని ఖాళీగా ఆన్ చేసి కొలవండి. పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. మధ్యలో రెండు నల్లవి గ్రౌండ్. రంగులు చూసి సరిపెట్టుకోవద్దు, మీటర్ చెప్పిందే లెక్క. 12 వోల్టులు 5 వోల్టుల పిన్నులోకి వెళితే బోర్డు మీద చిప్పులన్నీ ఆ క్షణమే పోతాయి.

మోటారు కదిలే క్షణంలో 12 వోల్టుల మీద దాదాపు ఒక ఆంపియర్ దాకా లాగుతుంది, తర్వాత తగ్గిపోతుంది. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి ఈ డ్రైవ్‌కి కరెంటు ఇవ్వాలని చూడొద్దు, దానికి 12 వోల్టులే లేవు. పెట్టెకి 230 వోల్టుల సొంత సప్లై ఉంటే అది ఈ పాఠంలోకి రాదు. దాన్ని పక్కన పెట్టి అడాప్టరే వాడండి.

తీగ ముక్కతో పరీక్ష

ఈ భాగం దాటేయొద్దు. గ్రీజ్‌వీజిల్ ఇంకా కలపలేదు. కేబుల్ డ్రైవ్‌కి పెట్టండి. డ్రైవ్ అంచు మీద 4, 6 కొసల మధ్య ఒక గాడి ఉంటుంది, కనెక్టర్ లోపలి చిన్న అడ్డు ముక్క అందులో కూర్చోవాలి. ఆ ముక్క ఊడిపోయిన కనెక్టర్లు తిరగేసి కూడా ఎక్కుతాయి, అలాంటిది వాడకండి. వృథా ఫ్లాపీ పెట్టి డోర్ మూసి అడాప్టర్ ఆన్ చేయండి. ముందు దీపం వెలగకూడదు, మోటారు తిరగకూడదు. కొన్ని డ్రైవ్‌లు ఒక్కసారి టక్కుమంటాయి, అది మామూలే.

కేబుల్ రెండో చివర సాకెట్‌ని పైకి పెట్టి చూడండి. రెండు వరసల రంధ్రాలు. ఒక వరసంతా బేసి, ఇంకోటంతా సరి. అంటే 10కి ఎదురుగా 9, 16కి ఎదురుగా 15. ప్రతి సిగ్నల్‌కీ దాని గ్రౌండ్ ఎదురుగానే ఉంది. రెసిస్టర్ కాలుని రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పుతో దూలానికి కొట్టే యు-మేకులా వంచి 9, 10 రంధ్రాల్లో దింపండి. డ్రైవ్ ముందు దీపం వెలగాలి. ఇంకోటి 15, 16లో దింపండి. మోటారు తిరగాలి. కంట్రోలర్ చేసేది కూడా సరిగ్గా ఇదే.

ఇప్పుడు ఎల్‌ఈడీ. పొడవు కాలుకి 330 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి, దాని రెండో చివర అడాప్టర్ 5 వోల్టులకి ఇవ్వండి. పొట్టి కాలు 26వ రంధ్రంలో పెట్టండి. హెడ్ మొదటి ట్రాక్ మీదుంటే వెలుగుతుంది. వెలగకపోతే మూడో యు-తీగతో 19, 20 రంధ్రాల్ని తాకించి తీయండి, తాకించి తీయండి. 18 ఖాళీగా ఉంది కాబట్టి హెడ్ బయటి అంచు వైపు, అంటే మొదటి ట్రాక్ వైపు జరుగుతుంది. చేత్తో ఒకసారి తాకిస్తే నిజానికి చాలా తాకిళ్లు వెళతాయి, కాబట్టి ఒక్కో తాకుకి నాలుగైదు అడుగులు పడ్డా కంగారు లేదు. చేరాక ఎల్‌ఈడీ వెలుగుతుంది. తర్వాత 17, 18 కలిపి ఉంచి మళ్లీ 20 తాకిస్తే హెడ్ మధ్య వైపు కదులుతుంది, ఎల్‌ఈడీ ఆరిపోతుంది. లోపలి చివరిదాకా తోయొద్దు, అక్కడ అడ్డు తగులుతుంది.

ఎల్‌ఈడీ పొట్టి కాలు 8వ రంధ్రంలోకి మార్చండి. మోటారు తిరుగుతుండగా మసగ్గా, గబగబా మిణుకుతుంది. సెకనుకి 5 సార్లు వచ్చే ఇండెక్స్ పల్స్ అది, ఒక్కోటి కొన్ని మిల్లీసెకన్లే కాబట్టి చీకట్లో బాగా కనిపిస్తుంది. ఇది రాకపోతే ఫ్లాపీ తిరగడం లేదు, లేదా ఇండెక్స్ సెన్సర్ మీద దుమ్ము ఉంది.

24వ రంధ్రం జోలికి వెళ్లకండి. మనం తీగ తెంపాం కాబట్టి ఏమీ కాదు, అయినా అలవాటు మంచిది కాదు.

తిరగేసి పెడితే

గ్రీజ్‌వీజిల్ వైపు సాకెట్ తిరగేసి గుచ్చితే 1 స్థానంలోకి 34 వస్తుంది. సిగ్నళ్లన్నీ గ్రౌండ్ వరస మీద కూర్చుంటాయి. గ్రౌండ్ అంటే 'అవును' అనుకున్నాం కదా, డ్రైవ్‌కి అన్ని ఆజ్ఞలూ ఒకేసారి అందుతాయి: మేలుకో, తిరుగు, రాయి. దీపం ఆన్ చేసిన క్షణం నుంచీ వెలుగుతూనే ఉంటుంది, మోటారు ఆగదు. మామూలు కేబుల్ అయితే లోపలున్న ఫ్లాపీ మీద హెడ్ ఎక్కడుంటే ఆ ట్రాక్ చెరిగిపోవచ్చు. తెంపిన 24వ తీగ ఇక్కడ మనల్ని కాపాడుతుంది. ఆన్ చేయగానే దీపం వెలిగి ఆరకపోతే ముందు అడాప్టర్ తీసేయండి, కారణం తర్వాత వెతకండి. ఫ్లాపీ పెట్టాక కేబుల్ కదిపే పని ఎప్పుడూ పెట్టుకోవద్దు.

గ్రీజ్‌వీజిల్‌కి కలపడం

అడాప్టర్ ఆపి, యు-తీగలు తీసి, ఎర్ర చార 1వ పిన్ను వైపు వచ్చేలా సాకెట్ పెట్టండి. ముందు అడాప్టర్, తర్వాత యూఎస్‌బీ. సాఫ్ట్‌వేర్‌లో డ్రైవ్‌ని 'ఏ' లేదా 'బీ' అని ఎంచుకుంటే అది పీసీ పద్ధతిలో మాట్లాడుతుంది. '0' అని ఎంచుకోండి, అప్పుడే షుగార్ట్ పద్ధతి. మోటారు తిరగకుండా దీపం మాత్రమే వెలిగినా, దీపం లేకుండా మోటారే తిరిగినా నూటికి తొంభై పాళ్లు ఈ ఎంపికే తప్పు.

మొదట వేగం కొలిచే ఆదేశం ఇవ్వండి. నిమిషానికి 300 చుట్లు, అంటే ఒక చుట్టుకి 200 మిల్లీసెకన్లు. 295.5 నుంచి 304.5 మధ్య ఉంటే సరే. అంకె ఎంత వచ్చిందన్న దానికన్నా నిలకడగా ఉందా లేదా అన్నది ముఖ్యం. ఒకసారి 297, ఒకసారి 303 వస్తుంటే బెల్టుతో తిరిగే పాత పొడవాటి డ్రైవ్ అయ్యుంటుంది, బెల్టు సాగింది. అలాంటి డ్రైవ్ అడుగున చక్రం మీద రెండు వలయాల గీతలుంటాయి, ఒకటి 50, ఒకటి 60. పాత పట్టీ చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ కింద పెడితే వేగం సరిగ్గా ఉన్నప్పుడు 50 వలయం కదలనట్టు కనిపిస్తుంది. ఎల్‌ఈడీ బల్బు కింద, ఎలక్ట్రానిక్ చోక్ కింద ఈ పరీక్షని నమ్మలేం. స్థిరంగా 360 వస్తే అది 1.2 మెగాబైట్ల డ్రైవ్. దాంతోనూ చదవొచ్చు, సాఫ్ట్‌వేర్ తేడా సరిచేసుకుంటుంది.

తర్వాత వృథా ఫ్లాపీ చదవండి. నేరుగా ఫైళ్లు తీయాలని ఆత్రపడకుండా ముడి పల్సుల్ని ఒక్కో ట్రాక్‌కి 3 చుట్ల చొప్పున దాచండి. 40 ట్రాకుల ఒక వైపుకి అర నిమిషం, 80 ట్రాకుల రెండు వైపులకి రెండు నిమిషాలు పడుతుంది. ఆ ముడి ఫైలు ఉంటే ఫ్లాపీని మళ్లీ తిప్పాల్సిన పని లేకుండా ఎన్నిసార్లయినా అర్థం చెప్పించుకోవచ్చు. బీబీసీ మైక్రో ఫ్లాపీలు వాడే ఏకార్న్ డీఎఫ్‌ఎస్ (డిస్క్ ఫైలింగ్ సిస్టమ్) రాతలో ట్రాక్‌కి 10 సెక్టార్లు, సెక్టార్‌కి 256 బైట్లు. కాబట్టి 40 ట్రాకుల పూర్తి ప్రతి 1,02,400 బైట్లు, 80 ట్రాకులది 2,04,800 బైట్లు.

80 ట్రాకుల డ్రైవ్‌లో 40 ట్రాకుల ఫ్లాపీ పెట్టినప్పుడు ఒక ట్రాక్ బాగా వచ్చి, తర్వాతది తప్పుగానో, పాత ట్రాక్ నంబర్‌తోనో వస్తుంది. 40 ట్రాకుల ఫ్లాపీ మీద ట్రాకుల మధ్య దూరం 0.53 మిల్లీమీటర్లు, 80 దాని మీద అందులో సగం. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ట్రాక్‌కి రెండు అడుగులు వెయ్యమని చెప్పండి. పెట్టె వెనక 40/80 స్విచ్ ఉంటే 80 మీద వదిలేయండి. రెండు చోట్లా చెబితే నాలుగేసి అడుగులు పడతాయి. 40 ట్రాకుల డ్రైవ్ మాత్రం 80 ట్రాకుల ఫ్లాపీ చదవలేదు, దాని హెడ్ వెడల్పుకి రెండు ట్రాకులు ఒకేసారి తగులుతాయి.

ఇక తప్పుల సంగతి. ఏ ట్రాకూ రాకపోతే 30వ తీగ, లేదా మాసిన హెడ్. మొదటి వైపు వచ్చి రెండోది రాకపోతే అది ఒక వైపు ఫ్లాపీయే కావొచ్చు, కాదని ఖాయమైతే 32వ తీగ చూడండి. ట్రాక్ 30 దాకా బాగుండి లోపలికి వెళ్లేకొద్దీ తప్పులు పెరిగితే ఆ భాగంలో పట్టాల మీద గ్రీజు ఇంకా మిగిలింది. మొదటి ట్రాక్ దొరకలేదంటే 26. ఒకసారి వచ్చిన సెక్టార్ రెండోసారి రాకపోతే, అదీ చోటు మారుతూ ఉంటే, డ్రైవ్ దగ్గర 5 వోల్టులు మోటారు తిరుగుతుండగా కొలవండి. 4.75 కన్నా కిందికి పడుతుంటే అడాప్టర్ తీగ సన్నది. వోల్టేజీ బాగుంటే కార్డ్-ఎడ్జ్ కొసలు తుడవండి. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ లాంటి సముద్రం దగ్గరి పేటల్లో ఉప్పుగాలికి ఈ కొసలు మసకబారతాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. ఉప్పు కాగితంతో రుద్దితే బంగారు పూత పోతుంది.

మన ఊరి తేమ ఫ్లాపీలకి ఇంతకన్నా పెద్ద శత్రువు. హెడ్ కనిపించే కిటికీలోంచి ఫ్లాపీని మెల్లగా తిప్పుతూ టార్చి లైటు ఏటవాలుగా వేసి చూడండి. బూడిద రంగు మచ్చలు, దారాల్లాంటివి కనిపిస్తే బూజు. దాన్ని డ్రైవ్‌లో పెట్టకండి. ఒక్క చుట్టులో బూజు హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి ఫ్లాపీనీ గీస్తుంది. చదువుతుండగా కీచుమని శబ్దం వస్తే ఆ క్షణమే డోర్ తెరిచి, హెడ్ తుడిచాకే ఇంకోటి పెట్టండి. ఒక వైపు డ్రైవ్‌లలో పైన హెడ్ బదులు చిన్న ఫెల్టు మెత్త ఉంటుంది, దానికి ఆల్కహాల్ తగలనివ్వొద్దు. ఏసీ గదిలోంచి తెచ్చిన ఫ్లాపీని వెంటనే వాడొద్దు, బయటి ఉక్కపోతకి దాని మీద తేమ పడుతుంది. కవర్లోనే ఉంచి రెండు గంటలు ఆగండి.

వచ్చే పాఠానికి ముందు రెండు పనులు చేసి పెట్టుకోండి. వృథా ఫ్లాపీని రెండుసార్లు చదివి, రెండు ముడి ఫైళ్ల నుంచి వచ్చిన ప్రతులు బైటు బైటుకీ సరిపోతున్నాయా పోల్చండి. సరిపోకపోతే తేడా ఉన్న ట్రాక్ నంబర్లు రాసుకోండి. తర్వాత అసలు ఫ్లాపీల పక్క అంచులో ఉండే నాచీల (చిన్న గాట్ల) మీద పల్చని అల్యూమినియం టేపు అంటించండి. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీకి నాచీ మూసి ఉంటేనే రాత రక్షణ, మూడున్నర అంగుళాల దానికి తెరిచి ఉంటే రక్షణ. సెలోఫేన్ టేపు వద్దు, సెన్సర్ వెలుతురు దాన్ని దాటిపోతుంది. ఇన్సులేషన్ టేపు కూడా వద్దు, మన ఎండలకి దాని జిగురు కారి డ్రైవ్‌లోకి చేరుతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకి తడిసిన పెట్టెల్లోవి ఉంటే వాటిని వేరే కవర్లో పెట్టండి. వాటిని కవరు కోసి, లోపలి డిస్కు తీసి, కడిగి ఆరబెట్టాలి. అదే 4వ పాఠం.